సబ్బుకి ఊడిన జర్మనీ రంగు

పది గంటల పన్నెండు నిమిషాలకు వీరబ్రహ్మం కారు మస్కట్‌కి రెండు గంటల దూరంలోని ఇబ్రా శివార్లలో ఒక తోటలో, రేకుల షెడ్డు ముందు ఆగింది. ఆ రోజు బుధవారం. రేపూ ఎల్లుండీ, గురు శుక్రవారాలు, ఇక్కడ వారాంతపు సెలవులు. మధ్యాహ్నం రెండింటికి పోలీస్ స్టేషన్ నుంచి కాగితాలు ప్రాసిక్యూషన్ ఆఫీసుకు వెళ్ళిపోతాయి. ఆ కాగితాల్లో అన్నిటికన్నా పైనున్నది వీరబ్రహ్మం రాసిన రిపోర్టు. ఆ రిపోర్టు వల్ల గంగులమ్మ అనే పనిమనిషి ఏడు రోజులుగా లాకప్పులో ఉంది.

ఆ రిపోర్టు తప్పు.

తప్పని అతనికి తెలిసి మూడు రోజులైంది. మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. మస్కట్ దార్సైట్ ఫ్లాట్లో భార్య కవిత “ఒంట్లో బాగోలేదా?” అని అడిగితే తల ఊపి తప్పించుకున్నాడు. ఒంట్లో బాగానే ఉంది. నలుగురికీ మొహం చూపించాలంటేనే బాగోలేదు.

వీరబ్రహ్మం సామాన్యుడేం కాదు. కడప జిల్లా పోలీసుల్లో వేలిముద్రల విభాగంలో తొమ్మిదేళ్ళు పనిచేసి, మస్కట్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడుగా చేరినవాడు. తగలబడ్డ గోడౌన్లూ, మునిగిన పడవలూ, మాయమైన నగలూ ఎన్నో చూశాడు. ఆఫీసులో అందరూ అతన్ని “డిటెక్టివ్ గారూ” అని పిలుస్తారు. ఆ పిలుపంటే అతనికి చాలా ఇష్టం, పోయిన ఆదివారం దాకా.

షెడ్డు తాళం తియ్యడానికి హసీనా వచ్చింది. ఆమెది రాయచోటి. ఆ ఇంట్లో వంట చేస్తుంది, గంగులమ్మతో ఒకే రూమ్‌లో నాలుగేళ్ళుగా ఉంటోంది.

“నువ్వేనా సార్ ఆ కాగితం రాసిండేది?” అంది తాళం చెవి చేతిలోనే పెట్టుకుని.

“నేనేనమ్మా.”

“మన కడపాయన వచ్చినాడు, ఇంగ భయం లేదులే హసీనా అనె అక్క ఆ పొద్దు. నీకు టీ పెట్టియ్యమని చెప్పింది గూడా అక్కనే. తాగినావు గదా?”

“తాగినా.”

“తాగి, అక్క మిందనే రాసిపోయినావు. మల్లా ఎందుకొచ్చినావు?”

“రాసింది తప్పని చూపించేదానికి.”

హసీనా నమ్మలేదు. తాళం తీసి, పక్కన పెట్టిన టిఫిన్ క్యారియర్ అందుకుంది. “అక్కకు అన్నం తీసుకపోతాండా. నీ పని నువ్వు చూస్కో” అని ఇంటి డ్రైవర్ దగ్గరికి వెళ్ళిపోయింది. కంపెనీ మేనేజర్లు అరిచినప్పుడు కూడా వీరబ్రహ్మానికి ఇంతగా తల కొట్టేసినట్టవలేదు.

షెడ్డు మధ్యలో విమానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ఆఖరి చలికాలంలో జర్మనీవాళ్ళు వాడిన మెసర్‌ష్మిట్ ఫైటర్. ఇంజను లేదు, తుపాకులు లేవు. ఒళ్ళు, రెక్కలు, తోక మాత్రం ఉన్నాయి. పైన ఊదా కలిసిన గోధుమ రంగు, దాని పక్కనే ఆకుపచ్చ పట్టీలు. అడుగునా పక్కలా లేత నీలం. ఆ నీలం మీద అరచేతులంత పచ్చటి మచ్చలు. నేల మీద ఆగి ఉన్న విమానం పైనుంచి చూసే శత్రువుకి చెట్ల నీడల్లో కలిసిపోయి కనబడాలని వేసే వేషం అది. ఇంటి యజమాని హమద్ గారు ఆ విమానాన్ని కొన్నదే ఆ రంగు చూసి. అరవై నాలుగేళ్ళ కిందటి ఫ్యాక్టరీ రంగు, తర్వాత ఎవరూ చెయ్యి పెట్టనిది అని పాలసీలో రాసి ఉంది.

పోయిన బుధవారం పొద్దున ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా గంగులమ్మ ఎడమ పక్క మచ్చలు చెయ్యి అందినంత మేరా తోమేసింది. హమద్ గారి డ్రైవర్ చూసి కేకలు పెట్టేదాకా తోముతూనే ఉంది. చుట్టాలొస్తున్నారు, విమానానికి బూజు పట్టింది, రెండు పక్కలా కడిగెయ్యమని ఇంటి మేనేజరు చెప్పాడంది. సబ్బు నీళ్ళతో కడిగానంది.

వీరబ్రహ్మం ఆ రోజు ఎలా తేల్చాడో చూడండి. సబ్బుకి పెయింట్ ఊడదు, కనక మనిషి అబద్ధమాడుతోంది. పక్కన పెయింట్ కరిగించే థిన్నర్ డబ్బా ఉంది, కనక థిన్నరే వాడింది. మేనేజరు తాను చెప్పనే లేదన్నాడు, కనక ఆ ముక్క రాయడం అనవసరం. అరగంటలో రిపోర్టు అయిపోయింది. ఆమె బొటనవేలు తనే పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద ఒత్తి, కాగితం మీద ముద్ర వేయించాడు.

ఆదివారం ఇంకో కాగితం పని మీద స్టేషన్‌కి వెళ్ళినప్పుడు గంగులమ్మ రెండు చేతులూ చాపి “నేను అబద్దం చెప్తానా అన్నా?” అంది. అప్పుడు చూశాడు ఆ గోళ్ళు. పదింటికీ ఎర్ర రంగు. హమద్ గారి పాప మంగళవారం సాయంత్రం సరదాకి వేసిందట. థిన్నర్‌లో ముప్పావుగంట చేతులు పెట్టిన మనిషికి గోళ్ళరంగు ఉంటుందా? తొమ్మిదేళ్ళు వేళ్ళు చూసి బతికిన మనిషి, ఆ వేలు పట్టుకుని ముద్ర వేయించి, గోరు వైపు చూడలేదు. చదవడం రాని మనిషి చెప్పింది కదా, ఏం చూస్తాంలే అనుకున్నాడు. అదీ అసలు సంగతి. అది తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ఇంతలో షెడ్డు వెనక తలుపు తెరిచిన చప్పుడు, ఆ వెంటనే విమానం అవతల మిషను చప్పుడు వినిపించాయి.

విమానం కుడి పక్కన ఒక మనిషి మొహానికి గుడ్డ కట్టుకుని, గీకుడు మిషను పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక మేనేజర్ జహీరుద్దీన్. హైదరాబాద్ మనిషి. ఎనిమిదేళ్ళ కిందట మస్కట్ రువీలో వీరబ్రహ్మమూ అతనూ ఒకే రూమ్‌లో ఉండేవాళ్ళు. ఇవాళ అతను హమద్ గారికి కుడి భుజం. ఈ విమానాన్ని వెతికి కొనిపెట్టినవాడూ అతనే.

“ఆపు!” అన్నాడు వీరబ్రహ్మం.

మిషను ఆగింది.

“క్యా భాయ్, మల్ల వచ్చినవ్?” జహీరుద్దీన్ నవ్వాడు. “రిపోర్ట్ నువ్వే ఇస్తివి. క్లెయిమ్ పాసయ్యేటట్టున్నది. ఎడమ దిక్కు ఎట్ల గూడ ఖరాబ్ అయింది. రెండు దిక్కులు ఒక్కతీరు చేపిస్తున్న.”

“క్లెయిమ్ పాసయ్యేదాకా దీని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. పాలసీలో తొమ్మిదో షరతు. కావాలంటే చదువుతాను.”

“అర్బాబ్ చెప్పిండు.”

“హమద్ గారు చెప్పారా? ఫోన్ చెయ్యనా?”

జహీరుద్దీన్ సిగరెట్ తీసి, వెలిగించకుండా మళ్ళీ లోపల పెట్టేశాడు. పది గంటల ఇరవై రెండు నిమిషాలు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే కుడి పక్క కూడా నున్నగా అయిపోయేది.

“సోమవారం జర్మనీ నుంచి ఒక నిపుణుడు వస్తున్నాడట కదా, విమానం చూడ్డానికి?” అన్నాడు వీరబ్రహ్మం.

“వస్తే?”

“ఊరికే అడిగాను.”

వీరబ్రహ్మం బ్యాగు కింద పెట్టి పనిలో దిగాడు. మొదట ఎడమ పక్క. తోకకి దగ్గర్లో గంగులమ్మ చెయ్యి అందని చోట రెండు మచ్చలు మిగిలాయి. వేలు నాలిక మీద తడి చేసుకుని ఒక మచ్చ మీద రుద్దాడు. వేలు పచ్చగా అయింది. ఒక్క వేలి తడి! నవంబర్లో ఈ పాలసీ ఇచ్చేముందు విమానాన్ని పరీక్షించడానికి వచ్చింది అతనే. ఆ రోజు జహీరుద్దీన్ మాంసం, అన్నం పెట్టించాడు. తిన్నాక కూలర్ ముందు కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. షెడ్డులో ఉన్నది పదినిమిషాలు. విమానాన్ని ముట్టుకోలేదు. ‘స్వయంగా పరీక్షించితిని, రంగు అసలైనది’ అని సంతకం పెట్టాడు. ఆ రోజు ఒక్క వేలు తడి చేసుకుని ఉంటే ఇవాళ గంగులమ్మ ఇంట్లో ఉండేది.

తర్వాత రెక్కలు, తోక. ఈ మూడు రోజులూ ఆఫీసు అయ్యాక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆ విమానాల రంగుల గురించి దొరికినదంతా చదివాడు. యుద్ధం చివర్లో జర్మనీ ఫ్యాక్టరీల మీద బాంబులు పడుతుంటే పని ముక్కలు ముక్కలుగా పంచేశారు. రెక్కలు ఒకచోట, తోక ఒకచోట, అడవుల్లో, సొరంగాల్లో. ఎవరికి దొరికిన రంగు వాళ్ళు కొట్టేవాళ్ళు. అందుకని ఆ కాలపు విమానాల్లో రెక్క పచ్చ వేరు, తోక పచ్చ వేరు. అతుకుల బొంతల్లా ఉండేవి.

ఇక్కడ రెక్క పచ్చ, తోక పచ్చ, మచ్చల పచ్చ అంతా ఒక్కటే. ఒకే చెయ్యి కలిపిన రంగు. పెళ్ళికి ముస్తాబు చేసిన కారులా ఉంది విమానం.

“ఏం చూస్తున్నవ్ అంతగనం?” అన్నాడు జహీరుద్దీన్.

“కుదిరిపోయింది చాలా. అదే చూస్తున్నా.”

ఇప్పుడు కుడి పక్క. అక్కడ మచ్చలన్నీ ఉన్నాయి. ఒంటి మీద వేసిన జర్మన్ శిలువ గుర్తు చుట్టూ పదిహేడు లెక్కపెట్టాడు. బ్యాగులోంచి నవంబర్ ఫోటో తీశాడు. ఎడమ పక్కది, కడగక ముందుది. దాంట్లోనూ శిలువ చుట్టూ పదిహేడు.

వీరబ్రహ్మానికి వేలిముద్రల విభాగంలో కుర్చీలో కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. టేపు మీదికి ఎత్తిన ముద్ర అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. దాన్ని వెనక నుంచి చూడాలి. ఫోటో తీసుకెళ్ళి ద్వారం దగ్గర ఎండకి ఎదురుగా, వెనక వైపు తనకు కనబడేట్టు పట్టుకున్నాడు. కాగితంలోంచి మచ్చలు మసగ్గా కనిపించాయి. కుడి పక్కని చూశాడు. ఫోటో చూశాడు. మళ్ళీ చూశాడు.

చంద్రవంక లాంటి మచ్చ అక్కడా ఇక్కడా. దాని కింద జంట మచ్చలు, అక్కడా ఇక్కడా. పదిహేడింటికి పదిహేడు. చేత్తో ఎలా తోస్తే అలా చల్లిన మచ్చలు రెండు పక్కలా ఒక్కలా పడతాయా? ఎవరో కాగితం మీద బెజ్జాలు కత్తిరించి, ఒక పక్క కొట్టి, ఆ కాగితమే తిరగేసి రెండో పక్క కొట్టారు. ఏ జర్మన్ సైనికుడూ ఆ పని చెయ్యడు. ఎడమ తలుపూ కుడి తలుపూ ఒకేలా ఉండకపోతే కార్ల యజమాని తిడతాడని భయపడే మనిషి చేస్తాడు.

వీరబ్రహ్మం మొహానికి గుడ్డ కట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్ళాడు. “పేరేంటి?”

“దేవదాసు సార్.”

“ఏ ఊరు?”

“జగిత్యాల దిక్కు. ఈడ కార్ల గ్యారేజ్‌ల పెయింటర్‌ను.”

“ఈ మచ్చలు కొట్టినవాడెవడో పని తెలియనివాడు దేవదాసూ. చూడు, అంచులన్నీ అలికినట్టున్నాయి.”

దేవదాసు మొహం మీది గుడ్డ కిందికి లాగాడు. “అలికినట్టా? గన్ను ఎంత దూరం పట్టుకుంటె అంచు గంత మెత్తగ వస్తదో మీకు ఎరుకేనా సార్? ఒక్కకాడన్న కారిందా? ఒక్క బొట్టన్న జారిందా?”

“దేవదాస్, ఛుప్!” అన్నాడు జహీరుద్దీన్.

ఆలస్యమైపోయింది. పని బాగాలేదంటే పనివాడు ఊరుకోడు. అది వీరబ్రహ్మానికి తెలుసు, జహీరుద్దీన్‌కి తెలియదు. దేవదాసుకి కూడా తానేమన్నాడో అప్పుడు తెలిసింది. 

“ఎప్పుడు కొట్టినావు?” వీరబ్రహ్మం గొంతు తగ్గించాడు.

దేవదాసు మిషను కింద పెట్టాడు.

“చూడు దేవదాసూ. రంగు వెయ్యడం నేరం కాదు. నీకు చెప్పిన పని నువ్వు చేశావు. కానీ ఈ రంగు కడిగిందని ఒక ఆడమనిషి లాకప్పులో ఉంది.”

“లాకప్పులనా?” దేవదాసు జహీరుద్దీన్ వైపు చూశాడు. “ఇంటికి పంపిచ్చినం అన్నరు గద సార్?”

జహీరుద్దీన్ గోడ వైపు తిరిగాడు.

“అక్టోబర్ల కొట్టిన సార్, అర్బాబ్‌కు సూపియ్యకముందు” అన్నాడు దేవదాసు మెల్లగా. “వచ్చినప్పుడు దీనికి రంగే లేకుండె. రేకు రేకు కనవడుతుండె. ఈ సారే బుక్కుల ఫోటో సూపెట్టిండు, ఒక్క దిక్కుదే. రెండో దిక్కు ఎట్ల అంటె నీ ఇష్టం అన్నడు. నేను కాయితం కోసి రెండు దిక్కుల సమానం చేసిన. కార్ల రంగు మెరుస్తది. మెరవద్దన్నడు. గందుకె మచ్చలకు గోడలకేసే డిస్టెంపర్ కలిపిన. నీళ్ళు వడితె పోతది సార్ అని ఆ దినమే చెప్పిన. షెడ్డుల వాన వడ్తదా అని నవ్విండు.”

అంటే గంగులమ్మ చెప్పింది అక్షరాలా నిజం. సబ్బుకే ఊడింది. దాన్ని బూజనుకోవడంలో కూడా ఆమె తప్పేం లేదు. చదువుకున్నవాళ్ళు యుద్ధమనుకున్నారు. ఆమె గోడకి పట్టే బూజనుకుంది, అది గోడ రంగే అయింది. అందరికన్నా నిజానికి దగ్గరగా ఉన్నది ఆమే.

“రాసిస్తావా?” అన్నాడు వీరబ్రహ్మం.

“పాస్‌పోర్ట్ సారు తాన ఉన్నది.”

“నాకు నీ మాట కావాలి, పాస్‌పోర్ట్ సంగతి నేను చూస్తాను. నా మాట మీద నమ్మకం పెట్టుకోమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.”

దేవదాసు మిషను వైరు మొత్తం చుట్టేశాడు. తర్వాత తల ఊపాడు.

జహీరుద్దీన్ అప్పుడు ముందుకొచ్చాడు. నవ్వు పోయింది.

“బ్రహ్మం, ఒక్క సంగతి సోంచాయించు. గీ రంగు నకిలీ అంటె, నవంబర్ల దస్కత్ ఎవనిది? నీది. నా తిండి తిని పెట్టినవ్. మన ఇద్దరం మిలాయించి అర్బాబ్‌ను మోసం చేసినం అని నేను చెప్త. నీ నౌకరీ పోతది, నువ్వు గూడ లోపలికి పోతవ్. ఆమెకేంది? నాలుగు దినాలైతే టికెట్ ఇచ్చి ఊరికి పంపిస్తరు.”

“ఆమెని కడగమన్నది నువ్వేనా?”

“సబూత్ చూపెట్టు.”

“జర్మన్ నిపుణుడు సోమవారం వస్తాడు. అతను తడి వేలు పెడితే నీ పని అయిపోతుంది. అతను వచ్చేలోగా రంగు పోవాలి, పోగొట్టింది ఇంకెవరో అవ్వాలి. ఇంట్లో నోరు లేని మనిషి ఎవరా అని చూశావు. నేను వచ్చి నువ్వనుకున్నది అనుకున్నట్టే రాసిపెట్టాను. నీకన్నా నేనే ఎక్కువ సాయం చేశాను కదా?”

జహీరుద్దీన్ జేబులోంచి కారు తాళాలు తీశాడు.

“నా సంతకం సంగతి నువ్వు చెప్పనక్కర్లేదు. నేనే రాస్తాను. మొదటి పేజీలో, మొదటి వాక్యం.”

“రాసుకో” అన్నాడు జహీరుద్దీన్. వాచీ చూసుకున్నాడు. పదకొండూ యాభై. ఎందుకో మళ్ళీ నవ్వొచ్చింది అతనికి. “తీరిగ్గ రాసుకో భాయ్. ఆడ పని ఎప్పుడో అయిపోయింది.” కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ చివరి మాట వీరబ్రహ్మం బెదిరింపు అనుకున్నాడు. డబ్బా మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. ‘నవంబర్లో నేను ఈ విమానాన్ని పరీక్షించకుండానే పరీక్షించానని సంతకం చేశాను.’ ఆ ఒక్క వాక్యం రాయడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత కలం ఆగలేదు. నాలుగు పేజీలు. కింద దేవదాసు సంతకం, తేదీ, సమయం. చేసిన వెధవ పని ఒప్పుకున్నాక గుండెల మీద బరువు కొంచెం తగ్గినట్టనిపించింది. రెండింటిలోపు స్టేషన్‌లో ఈ కాగితాలిస్తే సాయంత్రానికి గంగులమ్మ బయటికొస్తుంది. ఆ తర్వాత తనకేమైతే అదవుతుంది.

పన్నెండూ నలభైకి హసీనా తిరిగొచ్చింది. ఖాళీ క్యారియర్ పట్టుకుని గబగబా నడుస్తోంది. పొద్దున చూసిన మొహం కాదు, వెలిగిపోతోంది.

“సార్, నిన్ను పొద్దన అనరాని మాటలన్యా. మనసులో పెట్టుకోవద్దు.”

“ఏమైందమ్మా?”

“ఏమైందంటావేంది! షరీఫ్ భాయి తొమ్మిది గంటలకే స్టేషన్‌కి పోయినాడు గదా, నువ్వు పంపిచ్చిన కాగితం తీసుకోని.”

షరీఫ్ జహీరుద్దీన్ దగ్గర గుమాస్తా. గంగులమ్మకి అరబ్బీలో మాట సాయం చేస్తానని స్టేషన్‌లో పేరిచ్చినవాడు.

“నేను పంపిన కాగితమా?”

“వీరబ్రహ్మం సారు కొత్తగా రాసి పంపిచ్చినాడు, ముద్ర ఏస్తే సాయంత్రానికి ఇంటికి పంపిచ్చేస్తారు అన్నాడంట. అక్క ముందు ఏయనన్నాదంట సార్. ఇంగ దేనికీ ముద్ర ఏయను అన్నాదంట. నీ పేరు చెప్పినాకే ఏసింది. కడపాయన మొదట పొరపాటు పడినాడు, దిద్దుకున్నాడు, ఆయప్ప మంచోడే అన్నాది నాతో. నీకు దండం పెట్టినానని చెప్పమన్నాది.”

వీరబ్రహ్మం లేచి నిలబడ్డాడు. “దాంట్లో ఏం రాసుందో తెలుసా?”

“అరబ్బీలో ఉండాది, మాకేం తెలుస్తాది? ఆడుండే పోలీసాయన మాత్రం నాతో హిందీలో అనె, ఇంటోళ్ళ మింద కోపంతో కావాలనే పాడు చేసినానని ఎందుకు ఒప్పుకుంది ఈమె, ఇంగ జైలు గదా అని. ఆయనకు సరింగా తెలీదనుకున్యా. తెలీదు గదా సార్?”

దేవదాసు తల దించుకున్నాడు. హసీనా నవ్వు అలాగే ఉంది, వీరబ్రహ్మం జవాబు కోసం.

“అది నేను పంపలేదమ్మా.”

హసీనా క్యారియర్ నేల మీద పెట్టేసింది. “మరి నీ పేరు చెప్పినాకే ఏసినాది గదా” అంది, తనలో తను అనుకున్నట్టు. ఆమె తిడితే బాగుండునని వీరబ్రహ్మానికి అనిపించింది. ఆమె తిట్టలేదు.

“అక్కకి నేనేం చెప్పల్ల సార్?”

“నువ్వు కాదు, నేను చెప్తా. కార్లో ఎక్కండి ఇద్దరూ.”

టైము పన్నెండూ యాభై మూడు. స్టేషన్‌కి పావుగంట దారి. కారు తోట దాటి రోడ్డెక్కాక కూడా వీరబ్రహ్మం ఆలోచిస్తున్నది జహీరుద్దీన్ గురించి కాదు, పోబోయే ఉద్యోగం గురించీ కాదు. తనని చూడగానే గంగులమ్మ లేచి నిలబడి దండం పెడుతుంది. ఆ చేతులు పైకి లేవకముందే నిజం చెప్పెయ్యాలి.